రూపం చెదరకుండా పాత కారుకు కొత్త సత్తువ: విశాఖలోని అంబాసిడర్, పద్మిని యజమానులకు సమగ్ర మార్గదర్శి

ఇంట్లో అంబాసిడర్ గాని ప్రీమియర్ పద్మిని గాని మిగిలి ఉన్నవారికి సాధారణంగా రెండు కోరికలు ఉంటాయి. కారు కొన్ననాడు ఎలా ఉండేదో ఈనాడూ అలాగే కనిపించాలన్నది మొదటిది. మద్దిలపాలెం కూడలిలో ట్రాఫిక్‌లో నిలబడినా ఇంజన్ కాగిపోకూడదు, రాత్రి భీమిలి దారిలో దీపాలు మసకబారకూడదు, సింహాచలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద నమ్మకం సడలకూడదు అన్నది రెండోది. మొదటి కోరికను వదులుకోకుండానే రెండోదాన్ని తీర్చుకోవచ్చు. అందుకు ఒకే ఒక్క నియమం పట్టుకుంటే చాలునని నా నమ్మకం: కారు శరీరానికి కొత్త రంధ్రం కొట్టకూడదు. అమర్చే ప్రతి కొత్త భాగమూ కంపెనీ వేసిన పాత రంధ్రాలకే, పాత బోల్టులకే బిగిసేలా చూసుకోవాలి. అలా అమర్చినదాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి అసలు భాగాన్ని తిరిగి బిగించవచ్చు. విశాఖలో ఈ నియమానికి ఇంకొక కారణం కూడా ఉంది. డ్రిల్లు పెట్టిన ప్రతిచోటా రంగు పోయి ఇనుము బయటపడుతుంది, ఉప్పుగాలి అక్కడినుంచే లోపలికి దిగి తుప్పు మొదలుపెడుతుంది.

మొదటి దశ: నమోదు, చట్టం

పాన చేతపట్టే ముందు కారును అన్ని వైపులనుంచీ, బానెట్ కిందా, డ్యాష్‌బోర్డు కిందా, డిక్కీ లోపలా, వీలైతే ర్యాంపు ఎక్కించి అడుగుభాగంలోనూ ఫొటోలు తీయాలి. వైర్లు ఏ రంగువి ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తున్నాయో, ఏ క్లిప్పు ఎక్కడుందో, ఏ పైపు ఏ వంపు తిరిగిందో ఆ ఫొటోల్లో స్పష్టంగా కనిపించాలి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత మెకానిక్‌కూ మీకూ దారి చూపేవి అవే. విప్పిన ప్రతి అసలు భాగానికీ చీటీ కట్టి, నూనె పూసి, మూతబిగిసే పెట్టెలో భద్రపరచాలి. మన ఊళ్లో వట్టి అట్టపెట్టెలో పెట్టిన కార్బురేటర్ ఒక్క వర్షాకాలానికే తుప్పు పూత పట్టిపోతుంది.

తర్వాత ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్న నంబర్లతో సరిపోతున్నాయో లేదో చూడాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. పాత బాడీలో మరో కంపెనీ ఇంజన్ దించాలన్న ఆలోచనను అందుకే మొదట్లోనే విరమించుకోవాలని నా సలహా. బ్రేకులు, కరెంటు, కూలింగ్ సరిచేశాక ఆ పాత ఇంజనే చాలుతుందని చాలామందికి అర్థమవుతుంది. కారు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటితే మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అలాంటి కారును వింటేజ్ వాహనంగా ‘వీఏ’ సిరీస్‌లో నమోదు చేయించుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పైగా ఆ నమోదు పొందిన కారును ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. రోజూ తిప్పుకోవాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవడం మేలు.

రెండో దశ: తుప్పు

మిగిలిన ఊళ్లలో ఇంజన్ దగ్గర మొదలుపెట్టినా నష్టం లేదు గాని, విశాఖలో మాత్రం బాడీతోనే మొదలుపెట్టాలి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వంటి తీరప్రాంతాల్లో నిలబెట్టిన కారు మీద పడే సన్నని ఉప్పు పొర గాలిలోని తేమను పీల్చుకుని ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పోర్టు వైపు, ఉక్కు కర్మాగారం వైపు ఉండేవారికి దానిమీద ధూళి కూడా చేరుతుంది. పైకి రంగు మెరుస్తున్నా లోపలివైపు రేకు పలచబడిపోయి ఉండవచ్చు.

స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్తే మంచి రేకు గట్టిగా మోగుతుంది, పుట్టీ నింపిన చోటు మొద్దుగా పలుకుతుంది. పుట్టీ ఎక్కడెక్కడ దాగుందో సన్నని అయస్కాంతం పెట్టి చూసినా తెలుస్తుంది. రెండు కార్లలోనూ ముందు అద్దం రబ్బరు బీడింగ్ కింది అంచు, తలుపుల అడుగుభాగం, తలుపు కింది గడప భాగం, ముందు మడ్‌గార్డుల వెనకవైపు బురద చేరే మూల, కాళ్ల కింది ఫ్లోర్, స్టెపినీ పెట్టే డిక్కీ అడుగు ముఖ్యంగా చూడవలసిన చోట్లు. జాకీ పెట్టేచోటును మరీ జాగ్రత్తగా పరీక్షించాలి. తలుపుల అడుగున నీళ్లు పోయేందుకు కంపెనీ వదిలిన చిన్న సందులు పాత రంగు పూతలతో పూడిపోయి ఉంటాయి. వాటిని తెరిస్తేనే సగం తుప్పు ఆగుతుందని చెప్పినా అతిశయోక్తి కాదు.

గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ (రేకు మరమ్మతు) పని తెలిసిన చేతులకు కొదవ లేదు. వారికి పని అప్పగించేముందు మూడు విషయాలు నోటిమాటగా కాక కాగితం మీద రాసుకోవాలి. తుప్పుపట్టిన రేకు మీద కొత్త ముక్క అతికించకూడదు, పాతదాన్ని పూర్తిగా కోసి తీసి కొత్త రేకును సీవోటూ వెల్డింగ్‌తో (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో చేసే విద్యుత్ వెల్డింగ్) అతకాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచని రేకు వంకరపోతుంది, ఆ వంకరను పుట్టీతో కప్పవలసి వస్తుంది. రెండోది, రంగు గీకి ఇనుము బయటపెట్టిన భాగానికి అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి, తెల్లవారేదాకా వదిలేస్తే మన గాలికి దానిమీద గోధుమరంగు తుప్పు పొర కనిపిస్తుంది. మూడోది, అడుగున కొట్టే నల్లటి రబ్బరు కోటింగ్ తుప్పు శుభ్రం చేయకుండా కొట్టకూడదు. అలా కొడితే అది తేమను లోపలే బంధించి రేకును కనబడకుండా తినేస్తుంది. వెల్డింగ్ పూర్తయ్యాక గడప భాగాల్లోకి, తలుపుల్లోకి, పెట్టెలాంటి బోలు భాగాలన్నిట్లోకి పాత సందుల ద్వారానే పొడవాటి గొట్టంతో మైనపు పూత చిమ్మించాలి. బయటి చూపుకు ఏమాత్రం తెలియని ఈ పూతే ఈ ఊళ్లో కారు ఆయుష్షును అన్నిటికంటే ఎక్కువగా పెంచుతుంది.

ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకూ మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద విరుచుకుపడ్డ సంగతి ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. రంగు విప్పిన కారును ఆ నెలల్లో షెడ్డులో వదలడం మంచిది కాదు.

రంగు విషయానికొస్తే, ఇప్పుడు దొరికే పీయూ (పాలీయురెథేన్) రంగు పాత రంగుకంటే చాలా గట్టిది. అయితే దానిమీద మందంగా వార్నిష్ కొట్టి అద్దంలా మెరిపిస్తే అంబాసిడర్ తన కాలపు రూపాన్ని కోల్పోతుంది. మెటాలిక్ జోలికి పోకుండా, వార్నిష్ లేని ఒకే పూత సాదా రంగు వాడాలి. అసలు రంగు నమూనాను ఎండ తగలని చోటునుంచి, అంటే తలుపు లోపలి అట్ట వెనకనుంచి గాని డిక్కీ లోపలినుంచి గాని తీసుకుని దానికి సరిపోయేలా కలిపించాలి. క్రోమియం బంపర్లను, గ్రిల్లును పారేసి కొత్తవి కొనడం కంటే పాతవాటికే తిరిగి పూత పెట్టించడం ఉత్తమం, ఎందుకంటే పాత రేకు మందం కొత్త నకళ్లలో ఉండదు.

మూడో దశ: బ్రేకులు, టైర్లు

వేగం పెంచే ఏ మార్పుకైనా ముందు ఆపే శక్తి పెంచాలి. విశాఖ రోడ్లు ఎత్తుపల్లాలతో నిండినవి కాబట్టి ఈ మాట ఇక్కడ మరింత వర్తిస్తుంది. పాత నమూనాల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉంటాయి. వాటిని తక్కువగా చూడనక్కరలేదు. డ్రమ్ములను లేతు పట్టించి గుండ్రంగా సరిచేసి, కొత్త లైనింగ్, కొత్త వీల్ సిలిండర్లు, కొత్త రబ్బరు పైపులు వేస్తే నగరంలో హాయిగా సరిపోతాయి. పొడవైన ఘాట్ దిగేటప్పుడు మాత్రం వేడెక్కి పట్టు సడలిస్తాయి.

ఇక్కడ చేయవలసిన అసలు మెరుగుదల మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగంలో ఉంది. పాత సిలిండర్ నాలుగు చక్రాలకూ ఒకే దారిలో ఆయిల్ పంపుతుంది, ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు దారులుగా విడిపోయే టాండెమ్ మాస్టర్ సిలిండర్ అమరిస్తే ఒక దారి పోయినా రెండోది కారును ఆపుతుంది. పైనుంచి చూసేవారికి ఈ మార్పు తెలియదు. అంబాసిడర్ యజమానులకు ఇంకొక సౌలభ్యం ఉంది: 2014 వరకూ ఆ కారు తయారైంది గనుక, తర్వాతి నమూనాల్లో కంపెనీయే ఇచ్చిన ముందు డిస్క్ బ్రేకుల భాగాలను పాత కారుకు వాడుకోవచ్చు. చక్రం మీద అసలు హబ్ క్యాప్ పెట్టాక లోపల డిస్క్ ఉందని ఎవరికీ తెలియదు. అయితే పెడల్ తొక్కే బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ లేకుండా డిస్కులు పెడితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది కాబట్టి రెండూ కలిపే చేయించాలి.

ఇనుప బ్రేకు పైపులను ఈ తీరంలో నమ్మడం కష్టం. వాటి స్థానంలో రాగి, నికెల్ కలిసిన పైపులు పాత క్లిప్పుల్లోనే, పాత వంపుల్లోనే వేయించాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, ఇక్కడ రెండేళ్లు ఆగకుండా ఏటా మార్చడమే క్షేమం.

టైర్ల దగ్గర చిన్న లెక్క వేసుకోవాలి. 155/80 ఆర్14 రేడియల్‌ను తీసుకుంటే, పక్క గోడ ఎత్తు 155లో 80 శాతం, అంటే 124 మి.మీ.; రెండు వైపులా కలిపి 248; దానికి 14 అంగుళాల రిమ్ము 356 కలిపితే మొత్తం వ్యాసం సుమారు 604 మి.మీ. ఇదే పద్ధతిలో మీ పాత టైరును టేపుతో కొలిచి, మూడు శాతానికి మించి తేడా రాకుండా కొత్తది ఎంచుకుంటే స్పీడోమీటరు తప్పు చూపదు, మడ్‌గార్డు కింద ఖాళీ కూడా చెదరదు. వెడల్పు టైర్లు, అలాయ్ వీల్స్ పాత కారు రూపాన్ని పాడుచేస్తాయి, స్టీరింగునూ బరువెక్కిస్తాయి. పాత రిమ్ముల అంచున ట్యూబ్‌లెస్ టైరును పట్టి ఉంచే గట్టు ఉండదు కాబట్టి రేడియల్ టైర్ల కోసం చేసిన ట్యూబులు తప్పక వేయాలి. ఒకే ఇరుసు మీద ఒకవైపు రేడియల్, మరోవైపు పాతరకం టైరు ఎన్నడూ ఉండకూడదు.

నాలుగో దశ: కరెంటు

పాత కారును ఈ కాలానికి పనికొచ్చేలా చేసేది అన్నిటికంటే ఈ దశే, అయినా దీని జాడ బయట ఎక్కడా కనిపించదు. ముందుగా బ్యాటరీని ఛార్జి చేసే డైనమో సంగతి చూడాలి. పాత డైనమో ఇంజన్ ఐడిలింగులో (కారు ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతూ) ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు, పరుగులో ఉన్నా సుమారు 20 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. హెడ్‌లైట్లు, వైపర్లు, హారను కలిసి పనిచేసే వానరాత్రి జగదాంబ కూడలి ట్రాఫిక్‌లో బ్యాటరీ అలసిపోయేది అందుకే. దాని స్థానంలో చిన్న కార్లకు వాడే ఆల్టర్నేటర్ పెడితే ఐడిలింగులోనూ ఛార్జింగ్ అందుతుంది. అమర్చేముందు కారు బాడీకి బ్యాటరీ ఏ కొస తగిలించి ఉందో చూడాలి. బ్రిటిష్ మూలాలున్న కొన్ని పాత కార్లలో ప్లస్ కొసే బాడీకి కలిసి ఉంటుంది. దాన్ని మార్చకుండా ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. డ్యాష్‌బోర్డులోని ఎర్ర ఛార్జింగ్ దీపాన్ని తీసేయకూడదు, ఎందుకంటే చాలా ఆల్టర్నేటర్లు ఛార్జింగ్ మొదలుపెట్టడానికి ఆ బల్బు ద్వారా వచ్చే కరెంటే ఆధారం.

రెండోది హెడ్‌లైట్లు. అవి మసకగా ఉండటానికి కారణం చాలాసార్లు బల్బు కాదు, కరెంటు ప్రయాణించే దారి. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు డ్యాష్‌బోర్డులోని పాత స్విచ్చు గుండా, డిప్పర్ గుండా తిరిగి బల్బు చేరేసరికి వోల్టేజీ తగ్గిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుత్ స్విచ్చులు) పెడితే ఈ లోపం తీరుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 30వ పిన్నుకు లావు వైరు, 87వ పిన్ను నుంచి బల్బులకు లావు వైరు, పాత స్విచ్చు నుంచి వచ్చే వైరు 86కు, 85 బాడీకి కలపాలి. 60 వాట్ల బల్బులు రెండు కలిపి 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతాయి గనుక 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మి.మీ. వైరు సరిపోతాయి. ఇప్పుడు బరువంతా రిలే మోస్తుంది, పాత స్విచ్చు చల్లగా ఉండి మరో తరం పనిచేస్తుంది. సీల్డ్ బీమ్ (బల్బు, గాజు ఒకటిగా మూసి ఉన్న పాత దీపం) స్థానంలో అదే 7 అంగుళాల గుండ్రటి గాజు ఉన్న హెచ్4 హాలోజన్ దీపం పెట్టవచ్చు. తెల్లటి ఎల్.ఇ.డి. బల్బులను హాలోజన్ రిఫ్లెక్టర్లో దూర్చడం మాత్రం నేను ఒప్పుకోను: వెలుగు చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది, పాత కారు ముఖం కూడా మారిపోతుంది.

వైరింగ్ పూర్తిగా మార్చవలసి వస్తే కళాయి పూసిన రాగి తీగ వాడాలి. ఓడల్లో వాడేది ఇదే, తీరగాలికి మామూలు రాగి తీగ రబ్బరు లోపలే పచ్చబడి తెగిపోతుంది. పైన పాత పద్ధతిలో గుడ్డ టేపు చుడితే చూపు మారదు. అదనపు ఫ్యూజు పెట్టెను డ్యాష్‌బోర్డు కింద పాత బ్రాకెట్టుకే బిగించాలి. డిస్ట్రిబ్యూటర్ మూత కింద సీబీ పాయింట్ల (స్పార్కు కోసం కరెంటును కలిపి విడదీసే కాంటాక్టులు) స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవచ్చు, కానీ తీసిన పాయింట్లను, కండెన్సరును కారులోనే ఉంచుకోవాలి. ఎలక్ట్రానిక్ పెట్టె దారిలో పాడైతే బాగుచేయడం కుదరదు, పాయింట్లను మాత్రం రోడ్డు పక్కనే బిగించుకుని ఇల్లు చేరవచ్చు.

అయిదో దశ: చల్లదనం, ఇంధనం

ఇంజన్ కాగుతోందంటే చాలామంది మెకానిక్‌లు చేసే మొదటి పని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు వెళ్లనివ్వని కవాటం) తీసేయడం. అది పొరపాటు. థర్మోస్టాట్ లేని ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా చేరి త్వరగా అరుగుతుంది. చేయవలసింది రాగి, ఇత్తడి రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించడం, కుళాయి నీళ్లకు బదులు కూలెంట్ పోయడం, రేడియేటర్ వెనక సన్నని విద్యుత్ ఫ్యాను పెట్టడం. ఈ ఫ్యానుకు ఆల్టర్నేటర్ తప్పనిసరి కాబట్టే దీన్ని నాలుగో దశ తర్వాత చెబుతున్నాను.

ఇంధనం విషయంలో రెండు మార్పులు పాత ఇంజన్లు పుట్టిన తర్వాత వచ్చాయి. 2000 సంవత్సరం నుంచి దేశంలో సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. ఎగ్జాస్ట్ వాల్వు సీట్లను అరగకుండా కాపాడిన ఆ సీసం ఇప్పుడు లేదు కాబట్టి, ఎప్పుడు ఇంజన్ హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పినా గట్టి వాల్వు సీట్లు వేయించాలి. దానికోసమే హెడ్ విప్పనక్కరలేదు. రెండో మార్పు 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలు, 2025 నాటికి ఇది దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ పాత రబ్బరు పైపులను, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను ఉబ్బించి మెత్తబరుస్తుంది. పైగా తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీటితో కలిసి ట్యాంకు అడుగున చేరి ఇనుమును తినేస్తుంది. అందుకని ఇంధన పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయాలి, పంపుకూ కార్బురేటర్‌కూ కొత్త కిట్లు వేయించాలి, కారును వారాల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకును నిండుగా ఉంచాలి. ఖాళీ ట్యాంకులోని గాలే తేమను తెస్తుంది. ఇ20తో గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది కాబట్టి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడాలి. లేత గోధుమరంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే రంధ్రమైన మెయిన్ జెట్టును ఒక్క సైజు పెంచాలి.

ఆరో దశ: లోపలి సౌకర్యం

ముందు చెప్పిన నియమానికి నేను ఒప్పుకునే ఏకైక మినహాయింపు సీటు బెల్టు. పాత నమూనాల్లో బెల్టులు లేకపోతే మొదట లోపలి అట్టలు తీసి, కంపెనీ వేసిన మరలున్న చోట్లు దాగి ఉన్నాయేమో వెతకాలి. లేకపోతే రేకుకు రంధ్రం కొట్టక తప్పదు. అక్కడ వట్టి రేకుకు బోల్టు బిగించకూడదు, వెనక మందపాటి ఇనుప పలక వెల్డింగ్ చేయించి దానికి బిగించాలి. కొట్టిన అంచుకు వెంటనే ప్రైమర్, ఆపైన మైనం పూయాలి. ముందు అద్దం మార్చవలసి వస్తే పగిలినా ముక్కలు రాలని లామినేటెడ్ అద్దం అదే ఆకారంలో వేయించుకోవాలి.

ఏసీ గురించి చాలామంది అడుగుతారు. ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ ఉన్న అంబాసిడర్ ఏసీని సులువుగా మోస్తుంది. 1089 సీసీ పద్మిని మాత్రం ఏసీ వేసుకుని కైలాసగిరి ఎక్కడానికి ఇబ్బంది పడుతుంది. పద్మిని యజమానులు ముందుగా పైకప్పు అట్ట కింద, ఇంజన్ గోడ లోపలివైపు వేడిని ఆపే షీటు వేయించి చూడాలి, దానితోనే లోపల తేడా బాగా తెలుస్తుంది. ఫ్లోరు మీద అతికించే షీటు మాత్రం తుప్పు పూర్తిగా పోయాకే వేయాలి.

పాటలకోసం డ్యాష్‌బోర్డు కోయనక్కరలేదు. పాత రేడియో ముఖాన్ని అలాగే ఉంచి, సీటు కింద చిన్న బ్లూటూత్ యాంప్లిఫయర్, డ్యాష్‌బోర్డు కింది అరలో స్పీకర్లు పెడితే చాలు.

భాగాల వేటలో ఆటోనగర్‌లో దొరకనివి అంబాసిడర్‌కైతే కోల్‌కతా మల్లిక్ బజార్‌లో, పద్మినికైతే ముంబయి కుర్లాలో, రెండిటికీ చెన్నై పుదుపేటలో వెతకవచ్చు. రబ్బరు భాగాలు మాత్రం ఎంత పాత నిల్వ అయినా, ఎంత అసలువైనా కొనకూడదు. రబ్బరు పెట్టెలోనే ముసలిదవుతుంది.

ఏడో దశ: పరీక్ష

పనులన్నీ ఒకేసారి చేయించి ఒకేసారి రోడ్డెక్కిస్తే, ఏ లోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఒక్కో దశ పూర్తికాగానే కొన్నాళ్లు ఊళ్లోనే తిప్పాలి. మొదట ఇంటి చుట్టుపక్కల, తర్వాత పగటిపూట భీమిలి వరకు, ఆ తర్వాత రాత్రి దీపాలతో అదే దారిలో నడపాలి. సింహాచలం ఘాట్ దిగాక ఆగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి వేడి పోల్చాలి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉందన్నమాట. సుమారు 115 కిలోమీటర్ల అరకు ప్రయాణాన్ని, అందులోనూ శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అనంతగిరి ఘాట్‌ను, ఇవన్నీ నెగ్గిన తర్వాతే పెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లునూ, దిగేటప్పుడు బ్రేకు పెడల్ లోతునూ గమనించాలి, దిగడంలో ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే ఉండాలి.

బీచ్ రోడ్డు మీద తిప్పిన ప్రతిసారీ, వీలైతే అదేరోజు, మంచినీళ్లతో అడుగుభాగం, మడ్‌గార్డు లోపలి అంచులు కడగాలి. కడిగాక తలుపుల కింది సందుల్లోంచి నీరు పూర్తిగా కారిపోయేవరకూ కారును కొంచెం వాలుగా నిలపాలి. పైన కప్పే గుడ్డ గాలాడేదై ఉండాలి, ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది. మొదటి 500 కిలోమీటర్లు పూర్తయ్యాక బ్రేకు, స్టీరింగ్, ఆల్టర్నేటర్ బ్రాకెట్టు, సీటు బెల్టు బోల్టులన్నిటినీ టార్క్ పానతో (ఎంత బిగువుతో బిగిస్తున్నామో చూపే పాన) మరోసారి బిగించి, బ్రేకు పైపుల కీళ్ల దగ్గర తడి ఉందేమో తెల్లకాగితంతో ఒత్తి చూడాలి.